పేజీ వాళ్లది... కథ మనది

ఉన్న వెబ్ పేజీ ముఖం చెదరకుండా లోపలి సంగతి మార్చేయాలి. చదివినవాళ్లు ముందు నమ్మాలి, ఆ వెంటనే నవ్వాలి. వర్జీనియాలోని ఒక తరగతి గదిలో ఇచ్చిన ఈ హోంవర్కులో చిలిపితనం ఎంత ఉందో చదువూ అంతే ఉంది.

అమెరికాలో మనవాళ్లు గుంపులుగా స్థిరపడిన ఉత్తర వర్జీనియా నుంచి కారులో దక్షిణానికి గంటసేపు వెళ్తే ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే పాత ఊరు వస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయానికి జార్జ్ వాషింగ్టన్ తల్లి మేరీ పేరు పెట్టారు. ఊరి పక్కన పారే రాపహానక్ నది అవతలి ఒడ్డున జార్జ్ చిన్నతనం గడిచిన ఫెర్రీ ఫార్మ్ ఉంది. చెర్రీ చెట్టు నరికి, నాన్న గద్దించగానే నిజం ఒప్పేసుకున్న కుర్రాడి కథ మనలో చాలామంది బళ్లో చదివాం. ఆ కథ జరిగిందంటూ చూపించే చోటు అదే. తంటా ఏమిటంటే ఆ కథ జరగనే లేదు. మేసన్ వీమ్స్ అనే మతబోధకుడు తాను రాసిన వాషింగ్టన్ జీవిత చరిత్రలో, 1806 నాటి కూర్పులో దాన్ని కొత్తగా చేర్చాడు. అబద్ధమాడని బాలుడి గురించి అల్లిన అబద్ధం తరతరాలు పాఠ్యపుస్తకాల్లో దర్జాగా తిరిగింది.

అలాంటి ఊళ్లోని మేరీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ విభాగంలో 106వ నంబరు కోర్సు డిజిటల్ స్టోరీటెల్లింగ్. అందరూ డీఎస్ 106 అంటారు. 2010లో అక్కడి బోధకుడు జిమ్ గ్రూమ్ ఈ కోర్సును చేతిలోకి తీసుకుని రూపం మార్చేశాడు. 2011 జనవరిలో తలుపులు బార్లా తెరిచాడు. ఫీజు కట్టిన విద్యార్థులతోపాటు ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లయినా ఇంటర్నెట్లో చేరొచ్చు, ఇచ్చిన పనులు చేయొచ్చు, కావాలంటే కొత్త పనులు తామే కల్పించి తక్కినవాళ్లకు ఇవ్వొచ్చు. విద్యార్థి ప్రతి ఒక్కరికీ సొంత డొమైన్, సొంత సర్వర్ చోటు. రాసిందీ గీసిందీ కూసిందీ అన్నీ అక్కడే పెట్టుకోవాలి. కూయడానికి ఓ ఇంటర్నెట్ రేడియో కూడా పెట్టుకున్నారు.

అంతకుముందు డిజిటల్ కథనం అంటే వేరే లెక్క. 1990లలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డేనా ఆచ్లీ వంటివాళ్లు వేసిన బాట అది. సొంత జీవితంలోంచి ఓ జ్ఞాపకం, నాలుగు కుటుంబ ఫొటోలు, వెనకాల సొంత గొంతు, రెండు మూడు నిమిషాల వీడియో. మంచి బాటే, ఇప్పటికీ ఎంతోమంది నడుస్తున్నారు. కాకపోతే అందులో కంప్యూటర్ కేవలం పనిముట్టు. గ్రూమ్ తరగతి వెబ్‌నే ముడిసరుకు చేసుకుంది. పిల్లలకు ఇచ్చిన పనుల్లో ఒకటి ఇదీ: మీకు నచ్చిన వెబ్ పేజీని తీసుకోండి. ఫొటోషాప్‌లో బొమ్మ మార్చడం కుదరదు, పేజీ కోడ్‌లోకే దిగండి. మాటలు మార్చండి, బొమ్మలు మార్చండి, అదే పేజీ మీ కథ చెప్పాలి.

గురువుగారు కూడా తక్కువేం తినలేదు. 2011 వేసవి తరగతికి గ్రూమ్ తన పేరుతో రాలేదు. డాక్టర్ ఆబ్లివియన్ అనే పెద్దమనిషి వేషంలో వీడియో తెర మీద ప్రత్యక్షమయ్యాడు. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1983లో తీసిన ‘వీడియోడ్రోమ్’ సినిమాలో టీవీ తెర మీద తప్ప ఎక్కడా కనపడని ప్రొఫెసర్ ఉంటాడు, అక్కడ తెచ్చుకున్న పేరిది. కొన్నాళ్లకు ఆ డాక్టరుగారు మాయమైపోయారు. ఆయనకు సహాయకుడిగా చెప్పుకుంటూ వచ్చిన జిమ్ గ్రూమ్ పాఠాలు అందుకున్నాడు. తరగతి తరగతంతా ఓ కథలో పాత్రగా మారిపోయింది. మన దగ్గర ఏ లెక్చరరైనా ఈ పని చేస్తే ప్రిన్సిపాల్ గదికి పిలుపు ఖాయం.

కుడి క్లిక్ కింద ఉన్న లోకం

ఈ పనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి, పేజీలో ఓ శీర్షిక మీద కుడి క్లిక్ నొక్కితే వచ్చే చిట్టాలో సాధారణంగా అడుగున ‘ఇన్‌స్పెక్ట్’ అని ఉంటుంది. అది నొక్కగానే పక్కన ఇంకో కిటికీ తెరుచుకుని పేజీ ఎముకలగూడు కనిపిస్తుంది. శీర్షికకు ఒక ట్యాగు, పేరాకు ఒక ట్యాగు, బొమ్మకు ఒక ట్యాగు. వాటి మధ్యలో ఉన్న మాట మీద రెండుసార్లు క్లిక్ చేసి వేరే మాట కొట్టి ఎంటర్ నొక్కండి. పేజీలో అదే అక్షరాల సైజు, అదే రంగు, అదే చోటు, మాట మాత్రం మీది. ఇప్పుడు అన్ని బ్రౌజర్లలో ఉన్న ఈ సదుపాయాన్ని 2006లో జో హ్యూయిట్ చేసిన ‘ఫైర్‌బగ్’ అనే ఫైర్‌ఫాక్స్ చేర్పు వాడుకలోకి తెచ్చింది. డీఎస్ 106 పిల్లలు మొదట్లో చేతిలోకి తీసుకున్న పనిముట్టు అదే. తర్వాత మొజిల్లా వాళ్లు పిల్లల కోసమే ‘ఎక్స్‌రే గాగుల్స్’ తయారుచేశారు. కళ్లద్దాలు పెట్టుకున్నట్టు ఆన్ చేసుకుంటే పేజీలో ఏ ముక్క మీద మౌస్ పెడితే ఆ ముక్క చుట్టూ రంగు గీత పడి, దాని ట్యాగు పేరు కనిపించేది.

ఇంతా చేస్తే అసలు పేజీకి ఈగ వాలినంత కూడా కాదు. బ్రౌజర్ దగ్గరున్నది సర్వర్ పంపిన నకలు. మనం గీతలు పెట్టేది ఆ నకలు మీద. పేజీని రీఫ్రెష్ చేస్తే మన కవిత్వమంతా గాలికి పోతుంది. అందుకే విద్యార్థులు మార్చిన కోడ్‌ను భద్రపరచుకుని సొంత చోట పెట్టుకోవాలి, లేదా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఈ స్క్రీన్‌షాట్ దగ్గరే అసలు చిక్కంతా ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

మొదటిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకే దారి పడతారు. పత్రిక మొదటి పేజీ తెరిచి, పెద్ద శీర్షిక తీసేసి స్నేహితుడి పేరు పెట్టి, ‘నోబెల్ బహుమతి’ అని రాసి పగలబడి నవ్వుతారు. స్నేహితుడు తప్ప ఇంకెవరూ నవ్వరు. పేజీలో ఎన్ని మార్చామన్నదాన్ని బట్టి హాస్యం రాదు. ఎన్ని మార్చకుండా నిగ్రహించుకున్నామో దాన్ని బట్టి వస్తుంది. తొంభై పాళ్లు యథాతథంగా ఉండాలి. ఆ గంభీరమైన ముఖం, ఆ తేదీ, ఆ ‘చివరిగా నవీకరించినది’, ఆ పక్క పట్టీలో ‘ఇవి కూడా చదవండి’, అడుగున కాపీరైటు గీత, అన్నీ చెక్కుచెదరకుండా నిలబడాలి. మారిన ఒక్క విషయం ఆ పెద్దమనుషుల నడుమ బుద్ధిగా కూర్చోవాలి.

వర్జీనియా పిల్లలకు వాళ్ల పేజీలు వాళ్లకున్నాయి. తెలుగు పిల్లకో పిల్లాడికో ఇస్తే ఏ పేజీ ఎంచుకోవాలి? నన్నడిగితే తుపాను బులెటిన్. కోస్తాలో పుట్టినవాడికి అక్షరాభ్యాసం కాకముందే ఆ భాష వచ్చేస్తుంది. కేంద్రీకృతమై, పశ్చిమ వాయవ్య దిశగా పయనించి, తీరం దాటే అవకాశం, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు... ఒక్క మాట అటూ ఇటూ అయ్యే ప్రసక్తి లేదు. వాతావరణ శాఖ లెక్కలూ అంతే కచ్చితం. గాలి వేగం గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 51 నుంచి 62 అయితే తీవ్ర వాయుగుండం, 63 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను. ఈ గూడును ముట్టుకోకుండా లోపల రాజమండ్రి మేనత్తను కూర్చోబెట్టి చూద్దాం.

బులెటిన్ 1. మంగళవారం ఉదయం 8.30. రాజమండ్రి, దానిని ఆనుకుని ఉన్న ప్రాంతాల్లో మేనత్తయ్య మనసులో ఉపరితల ఆవర్తనం ఏర్పడింది. దీని ప్రభావంతో రాగల 24 గంటల్లో హైదరాబాద్‌కు ఒకటి లేదా రెండు ఫోన్ కాల్స్ రావచ్చు.

బులెటిన్ 2. బుధవారం ఉదయం 11.30. ఆవర్తనం బలపడి అల్పపీడనంగా మారింది. తత్కాల్‌లో లోయర్ బెర్త్ దొరికిన దృష్ట్యా ఇది మరింత బలపడి వాయుగుండంగా మారే సూచనలున్నాయి.

బులెటిన్ 4. గురువారం రాత్రి 11.30. తీవ్ర వాయుగుండం హైదరాబాద్‌కు తూర్పున 210 కి.మీ. దూరంలో, ఎస్ 4 బోగీలో కేంద్రీకృతమై ఉంది. ఇది పశ్చిమ దిశగా పయనిస్తూ తుపానుగా మారి శుక్రవారం ఉదయం సికింద్రాబాద్ వద్ద తీరం దాటనుంది. తీరం దాటే సమయంలో నిమిషానికి 70 నుంచి 80 మాటలు, ఒక్కోసారి 90 మాటల వేగంతో సంబంధాల ప్రస్తావన వచ్చే అవకాశం. పెళ్లికాని యువకులు హాల్లోకి వెళ్లరాదు. ఇప్పటికే వెళ్లినవారు తక్షణం గదులకు తిరిగి రావాలి. వంటింటి వద్ద మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు.

బులెటిన్లు 5 నుంచి 8. పేజీ అందుబాటులో లేదు.

బులెటిన్ 9. బుధవారం సాయంత్రం 5.30. తుపాను క్రమంగా బలహీనపడి తూర్పు దిశగా పయనించింది. ఇంట్లో పొడి వాతావరణం నెలకొంది. డబ్బాల్లో అక్కడక్కడా పూతరేకులు, ఒకట్రెండు చోట్ల సున్నుండలు నమోదయ్యాయి.

ఇక్కడ కథ మాటల్లో ఎంతుందో ఖాళీలోనూ అంతే ఉంది. 5 నుంచి 8 వరకు బులెటిన్లు ఎందుకు లేవో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ నాలుగైదు రోజులు ఇల్లు ఏమైందో పాఠకుడే ఊహించుకుంటాడు. మామూలు కథ రాసేవాడికి ‘పేజీ అందుబాటులో లేదు’ అనే సాధనం లేదు, ఇక్కడ అది ఉచితంగా దొరికింది. నిమిషానికి 70 మాటలు అన్నది కూడా ఊరికే వేసిన అంకె కాదు. 63 దాటితేనే తుపాను కదా, అసలు పట్టికకు లోబడే ఉండాలి. ఈ ఐదు ముక్కలు రాయాలంటే కుర్రాడు అసలు బులెటిన్లు పదైనా శ్రద్ధగా చదవాలి. పేజీ ఎలా మాట్లాడుతుంది, ఏది మొదట చెబుతుంది, ఎక్కడ ‘అవకాశం’ అంటుంది, ఎక్కడ ‘నమోదైంది’ అంటుంది అన్నది పట్టుకోవాలి. ఆ పేజీని రాసిన అధికారి తర్వాత దాన్ని అంత నిశితంగా చదివేది ఈ చిలిపి విద్యార్థే. ఈ హోంవర్కులో నాకు నచ్చింది అదే. పిల్లల్ని చదవమంటే చదవరు, వెక్కిరించమంటే కంఠతా పట్టేస్తారు.

తాతల నాటి విద్య

కొత్తదేమైనా ఉంటే అది కుడి క్లిక్కే, విద్య పాతదే. 1977 ఏప్రిల్ 1న లండన్ ‘గార్డియన్’ పత్రిక శాన్ సెరిఫ్ అనే దేశం మీద ఏడు పేజీల ప్రత్యేక అనుబంధం వేసింది. హిందూ మహాసముద్రంలో సెమీకోలన్ ఆకారంలో రెండు దీవులు, రాజధాని బొడోనీ, దేశాధినేత జనరల్ పైకా. డీటీపీ చేసేవాళ్లకు ఈపాటికి వెలిగి ఉంటుంది, పేర్లన్నీ అచ్చు అక్షరాల పరిభాషే. మామూలుగా అలాంటి దేశాల అనుబంధాల్లో ఉండే నీరసమైన వ్యాసాలు, ఆర్థికాభివృద్ధి, పర్యాటకం, పారిశ్రామిక అవకాశాలు అన్నీ అందులో ఉన్నాయి. నిజమైన కంపెనీలు నిజమైన ప్రకటనలిచ్చి ఆటలో కలిశాయి. ఆ దీవుల్లో మీరు తీసుకున్న ఫొటోలు పంపండి అని కొడాక్ అడిగింది. సెలవులకు అక్కడికి వెళ్లడమెలా అంటూ పత్రిక ఆఫీసుకు రోజంతా ఫోన్లు. అనుబంధం అనే రూపం ఎంత గట్టిదో ఆ ఫోన్లే సాక్ష్యం.

2008 నవంబరు 12న న్యూయార్క్ వీధుల్లో ‘న్యూయార్క్ టైమ్స్’ ప్రతులు వేల సంఖ్యలో ఉచితంగా పంచారు. తేదీ చూస్తే 2009 జులై 4, పతాక శీర్షిక ఇరాక్ యుద్ధం ముగిసిందని. యెస్ మెన్ అనే ప్రహసన బృందం, వాళ్ల మిత్రులు కలిసి చేసిన పని. జతగా అచ్చం అలాంటి వెబ్‌సైటూ పెట్టారు. అక్షరాలు, కాలమ్‌లు, ప్రకటనల తీరు అన్నీ టైమ్స్‌వే. మార్చింది ఒక్కటే, వార్తలు ఎలా ఉంటే బాగుండునో అలా రాశారు. ఎగతాళిలో కోరిక కూడా ఇమడగలదని దాన్ని చూశాకే చాలామందికి తెలిసింది.

పేజీ యజమాని వేసిన గడిలోనే కూర్చుని ఆడిన ఆటలూ ఉన్నాయి. న్యూహాంప్‌షైర్‌లోని ఓ కంపెనీ మూడు తోడేళ్లు చంద్రుడి కేసి మోరలెత్తిన బొమ్మతో టీషర్టు అమ్మేది. 2008 చివర్లో అమెజాన్‌లో ఎవరో దానికి ఓ సమీక్ష రాశారు. చొక్కా వేసుకున్నప్పటి నుంచి ఆడవాళ్లు తన వెంట పడుతున్నారన్న ధోరణిలో, ఎక్కడా నవ్వకుండా. దాన్ని చూసి వందలమంది అందుకున్నారు. జబ్బులు నయమయ్యాయన్నవాళ్లు, తోడేళ్లతో మాటలు కలిశాయన్నవాళ్లు. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టకుండా ఓ టీషర్టు పేజీ జానపద కథల సంపుటమైంది. అమ్మకాలు ఆకాశాన్నంటాయి, కంపెనీకి అంతకంటే ఏం కావాలి! 2012లో బిక్ కంపెనీ ఆడవాళ్ల కోసం ప్రత్యేకమంటూ గులాబీ, ఊదా రంగుల్లో పెన్నులు తెచ్చినప్పుడు కథ అడ్డం తిరిగింది. ఇన్నాళ్లూ మగవాళ్ల పెన్నులు పట్టుకోలేక ఎంత బాధపడ్డామో అంటూ మహిళలు అదే సమీక్షల గడిలో వేసిన చురకలు ఆ పెన్ను కంటే ఎక్కువ కాలం నిలిచాయి.

మన దగ్గర ఈ విద్యకు పెద్దదిక్కు జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి. జరుక్ శాస్త్రి అన్నా, పేరడీ శాస్త్రి అన్నా ఆయనే. ఎదుటి కవి నడక, ఊపు, ఊతపదాలు అన్నీ అలాగే ఉంచి లోపల సరుకు మార్చేవారు. శ్రీశ్రీ ఊపులో కాఫీ హోటలు సంగతులు దొర్లితే నవ్వు రావాలంటే ముందు శ్రీశ్రీ ఊపు చదివేవాడి చెవిలో ఉండాలి, రాసేవాడికి ఇంకా బాగా ఉండాలి. అభిమానం లేనివాడు పేరడీ రాయలేడు, తిట్టు మాత్రమే రాయగలడు. అవధానంలో సమస్యాపూరణం కూడా దూరపు చుట్టమే. పృచ్ఛకుడు ఇచ్చిన పాదం అడ్డదిడ్డంగా ఉన్నా అక్షరం మార్చడానికి వీల్లేదు, చుట్టూ ఉన్నది మార్చి దానికి అర్థం తెప్పించాలి. వెబ్ పేజీ ఆటలో తిరగేసి, చుట్టూ ఉన్నది ఉంచి మధ్యది మారుస్తాం.

నమ్మకం ఎక్కడుంటుంది?

1998లో ఇంటర్నెట్లో ఒక జంతువు పుట్టింది. పసిఫిక్ వాయవ్య ప్రాంతపు చెట్టు ఆక్టోపస్. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ ద్వీపకల్పం అడవుల్లో చెట్ల మీద ఉంటుందట, అంతరించిపోతోందట, కాపాడాలట. సైట్‌లో శాస్త్రీయ నామం, ఆవాసం, ఫొటోలు, పరిరక్షణ ఉద్యమానికి రిబ్బను, అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. శత్రువుల జాబితాలో అడవి మనిషి సాస్‌క్వాచ్ కూడా ఉన్నాడు, అదే రచయిత వదిలిన గుట్టు. కనెటికట్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ లియూ బృందం 2006లో ఏడో తరగతి పిల్లలకు ఆ సైట్ చూపించింది. ఇంటర్నెట్ చదువులో చురుకైనవాళ్లనే ఎంచుకున్నారు. దాదాపు అందరూ నమ్మేశారు. అది కల్పితమని చెప్పాక కూడా ఎక్కడ తప్పుందో కొందరు చూపించలేకపోయారు.

ఆ పిల్లలు మాటల్ని నమ్మలేదు, మాటల చుట్టూ ఉన్న సామగ్రిని నమ్మారు. మెనూ, రిబ్బను, ‘మమ్మల్ని సంప్రదించండి’. మనమూ అంతే. వానాకాలంలో ఏటా వాట్సాప్‌లో తిరిగే ‘రేపు బడులకు సెలవు’ కాగితం చూడండి. కలెక్టరు పేరు, మెమో నంబరు, కింద పచ్చ సిరా సంతకం ఉంటే చాలు, తేదీ నిరుటిదైనా ఎవరూ చూడరు. టీవీ చానల్ బ్రేకింగ్ పట్టీ వేసి, లోగో అంటించి ఏ నాయకుడి నోట ఏ మాటైనా పెట్టొచ్చు. ఎన్నికలొస్తే ఆ పని కుటీర పరిశ్రమ. తన పేరిట తిరిగే అబద్ధాలను ఖండించడానికి కేంద్ర ప్రభుత్వం 2019లో పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పెట్టాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్ట్ నొక్కి శీర్షిక మార్చి స్క్రీన్‌షాట్ తీస్తే పైనున్న చిరునామా పట్టీని కత్తిరించేయొచ్చు. ఆ కత్తిరింపుతో పేరడీకి ఉన్న ఆధారం పోయి అది నకిలీ అవుతుంది. ఒక్కసారి తన చేత్తో శీర్షిక మార్చి చూసిన కుర్రాడికి ఇక ఏ స్క్రీన్‌షాట్ మీదా గుడ్డి నమ్మకం ఉండదు. అబద్ధపు వార్తల మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా రాని జాగ్రత్త ఇది.

మేనత్త బులెటిన్‌లో కూడా ఇందుకే ఓ హద్దు పెట్టుకోవాలి. బంగాళాఖాతంలో నిజంగా వాయుగుండం తిరుగుతున్న వారంలో దాన్ని బయటికి వదలకూడదు. మేనత్త ఉన్న ముక్క కత్తిరించి, మూడో నంబరు హెచ్చరిక ఒక్కటే ముందుకు పంపే మహానుభావుడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు.

నాలుగు రోజుల జైలు

పేరడీకీ నకిలీకీ మధ్య గీత ఎక్కడుందో ఒహాయో రాష్ట్రంలోని పార్మా పట్టణం కోర్టుల దాకా తీసుకెళ్లింది. 2016 మార్చిలో ఆంథొనీ నోవాక్ అనే ఆ ఊరివాడు స్థానిక పోలీసు శాఖ ఫేస్‌బుక్ పేజీ చూసి, అదే పేరు, అదే ఫొటోతో ఇంకో పేజీ తెరిచాడు. ఒక మూల ‘కమ్యూనిటీ’ అన్న మాట, నినాదంలో కావాలని చేసిన స్పెల్లింగ్ తప్పు, తేడా చెప్పే ఆనవాళ్లు అంతే. ఆపైన పోలీసు ఉద్యోగాలకు ప్రకటన వేశాడు. అల్పసంఖ్యాక వర్గాలవారు దరఖాస్తు చేసుకోకపోతే మంచిదన్నట్టు రాశాడు. ఇలాంటివే మరికొన్ని.

పోలీసులకు కోపం వచ్చింది. ఆ పేజీ మాది కాదు, జాగ్రత్త అని అసలు పేజీలో హెచ్చరిక పెట్టారు. నోవాక్ ఆ హెచ్చరికను అక్షరం పొల్లుపోకుండా తెచ్చి తన పేజీలోనూ పెట్టేశాడు! హాస్యకారుడిగా చూస్తే మెచ్చుకోవాల్సిన ఎత్తు. కానీ ఇది నకిలీ అని అడుగున రాసినవాళ్ల వ్యాఖ్యల్ని తీసేశాడు కూడా. నా వరకు అతని వాదన కాస్త వీగిపోయింది ఇక్కడే. పన్నెండు గంటలు తిరిగేసరికి పేజీని తనే తొలగించాడు. అయినా పోలీసు సేవలకు అంతరాయం కలిగించాడని అరెస్టు చేశారు. అంతరాయం అంటే స్టేషన్‌కు పదీ పన్నెండు ఫోన్లు రావడం. నాలుగు రోజులు జైల్లో ఉన్నాడు. జ్యూరీ నిర్దోషి అంది. నోవాక్ తిరిగి పోలీసుల మీద దావా వేస్తే, అధికారులకు చట్టం ఇచ్చే రక్షణ చూపి అప్పీలు కోర్టు కొట్టేసింది.

అప్పుడు రంగంలోకి దిగింది ‘ది ఆనియన్’. 1988లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన ఉత్తుత్తి వార్తల పత్రిక. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టుకు నోవాక్ తరఫున ఓ నివేదిక సమర్పించింది. చదివితే అది కోర్టు కాగితమో ఆనియన్ సంచికో పోల్చుకోవడం కష్టం. తమకు లక్షల కోట్ల పాఠకులున్నారని గొప్పలు, నడుమ లాటిన్ మంత్రాలు. అసలు వాదన మాత్రం గట్టిది. పేరడీ పైన ‘ఇది పేరడీ’ అని బోర్డు కట్టమంటే పేరడీయే ఉండదు. పాఠకుడు ముందు అసలనుకుని అడుగుపెట్టాలి, రెండో అడుగులో తెలుసుకోవాలి, ఆ రెండడుగుల మధ్య ఉన్నదే హాస్యం. కోర్టు పత్రంలోనే ఆ పని చేసి చూపించారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు విననంది, కారణం చెప్పలేదు.

అమెరికాలో పేరడీకి కనీసం ఓ పాత తీర్పు అండ ఉంది. ‘ప్రెటీ ఉమన్’ పాటను టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం వెక్కిరించిన కేసులో 1994లో సుప్రీంకోర్టు పేరడీ కూడా న్యాయమైన వాడకం కావచ్చంది. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శకు, సమీక్షకు చోటుంది, పేరడీ పేరెత్తి చెప్పిన మాట లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసగిస్తే మూడేళ్ల దాకా జైలు అనే 66డి మాత్రం అలాగే ఉంది. అందులో పట్టుకునేది మోసం కాబట్టి మేనత్తకు భయం లేదు. బ్యాంకు లాగిన్ పేజీతో చిలిపి పనులు చేసేవాడికి ఉంది. తరగతిలో ఈ ఆట ఆడించే మాస్టారు బ్యాంకులు, ఆస్పత్రులు, పరీక్షా ఫలితాల పేజీల జోలికి వెళ్లనివ్వకపోవడం మేలు.

డీఎస్ 106లో దీనికో మంచి ఏర్పాటుంది. పేజీ మార్చి పెడితే సగం పనే అయినట్టు. అసలు పేజీ ఏది, ఎందుకు ఎంచుకున్నారు, ఏ ముక్క ఎలా మార్చారు అన్నది పక్కన రాయాలి. చూసినవాళ్లు నవ్వుకున్నాక వెనక్కి వెళ్లి కుట్లు ఎక్కడ వేశారో చూసుకోవచ్చు. ఆనియన్ వాదనకూ పార్మా పోలీసుల భయానికీ మధ్య ఇంతకంటే పెద్దమనిషి తరహా రాజీ నాకు కనిపించలేదు. పేరడీ ముఖాన బోర్డు ఉండదు, గుమ్మం పక్కన తాళం చెవి మాత్రం వేలాడుతుంది.

మన కాలేజీల్లో ఎవరైనా ఈ పని ఇవ్వదలిస్తే పేజీలకు కొదవ లేదు. కరెంటు బిల్లు పేజీ ఉంది. నెలనెలా యూనిట్ల గ్రాఫులో ఇంట్లో కొత్తగా ఏసీ వచ్చిన వైనం, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన వైనం చెప్పొచ్చు. పెళ్లి సంబంధాల ప్రొఫైల్ ఉంది. ‘ఆశించేవి’ అన్న గడిని ఏటా సవరిస్తూ పోతే పదేళ్ల నవల. రైలు ఎక్కడుందో చెప్పే పేజీలో ‘ఆలస్యానికి కారణం’ అనే గడి ఒకటి చేరిస్తే చాలు, మిగతాది ప్రయాణికులే రాసుకుంటారు. రాశిఫలాల పేజీ కొంచెం కష్టం. అందులో ఏం రాసినా అసలుదానిలాగే ఉంటుంది.

అస్సలు ఇవ్వకూడనిది మాత్రం ఒకటుంది. వేసవిలో ఫలితాలు వచ్చిన మర్నాడు కార్పొరేట్ కాలేజీలు వేసే ర్యాంకుల ప్రకటన. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ఊపిరి తీసుకోకుండా చదువుకుంటూ పోతారు. ఒకే పిల్లాడి ఫొటో రెండు కాలేజీల పేజీల్లో నవ్వుతూ ఉంటుంది. ర్యాంకు అంకె పక్కన చుక్క గుర్తు, ఆ చుక్కకు అర్థం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో. ఇన్‌స్పెక్ట్ నొక్కి ఎంత వెతికినా అందులో ఏం మార్చాలో ఏ విద్యార్థికీ తోచదు, మార్కులు వేయడం మాస్టారికీ కుదరదు.